స్విండన్‌లో మా కోడిపెట్టకు బాగోలేదు, ఏం చెయ్యాలి?

స్విండన్, కొత్తగా వచ్చినవాణ్ణి:
అందరికీ నమస్కారం. మేం ఈమధ్యే హైదరాబాద్ నుంచి ఇంగ్లండ్‌లోని స్విండన్‌కి వచ్చాం. అద్దె ఇంటి వెనకాల పెరడు ఉంది కదా అని బ్రిటిష్ హెన్ వెల్ఫేర్ ట్రస్ట్ వాళ్ల దగ్గర మూడు పెట్టల్ని తెచ్చుకున్నాం. వాటిలో ఒకటి నిన్నటి నుంచి ఈకలు ఉబ్బించుకుని ఓ మూల తూగుతోంది. మేత ముట్టడం లేదు, గుడ్డు పెట్టలేదు. తోక కిందికి వేలాడేసి, నిటారుగా నిలబడి ముక్కుతోంది. ఊళ్లో అయితే నాన్న షాపు నుంచి ఏదో మాత్ర తెచ్చి మింగించేవారు. ఇక్కడ అలాంటివి ఎక్కడ దొరుకుతాయి?

లెస్టర్:
తమ్ముడూ, మాత్ర సంగతి తర్వాత. ముందు దాన్ని చేతుల్లోకి తీసుకుని ఒళ్లంతా చూడు. తురాయి ఎర్రగా ఉందా, పాలిపోయిందా? మెడ కింద మేతసంచి తడిమి చూడు. రాత్రి తిన్నది తెల్లారేసరికి కిందికి దిగిపోయి ఆ సంచి ఖాళీగా ఉండాలి. పొద్దున మేత వెయ్యకముందే గట్టిగా ఉండలా తగిలితే పొడుగు గడ్డి మింగి అడ్డుపడినట్టు. మెత్తగా నీళ్లతిత్తిలా ఉండి నోరు పుల్లగా వాసన కొడితే లోపల పులిసినట్టు. యూట్యూబ్‌లో చూపించినట్టు తలకిందులుగా పట్టుకుని కక్కించొద్దు, ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం పోతుంది. రెట్టలో నెత్తురుంటే కాక్సిడియోసిస్ అనే పేగుల జబ్బు అనుకోవాలి. అప్పుడప్పుడు గోధుమరంగులో జిగురుగా, కంపుగా పడే రెట్ట మామూలే, దానికి కంగారొద్దు. ఒక కాలు ముందుకీ ఒకటి వెనక్కీ చాచి పడిపోతే మారెక్స్ అనే వైరస్ జబ్బు.

నువ్వు చెప్పిన లక్షణాలకి మాత్రం గుడ్డు అడ్డం పడిందనే నా అనుమానం. ఈ ట్రస్టు వాళ్లిచ్చేవి ఫారాల్లో ఏడాదిన్నర వయసు వచ్చేదాకా గుడ్లు పెట్టి అలిసిన కోళ్లు. గుడ్డు అడ్డం పడడం, గుడ్డు కడుపులోకి జారి చీము పట్టడం వీటికి చాలా ఎక్కువ.

రెడింగ్:
అద్దె ఇల్లు అన్నావు కాబట్టి ఇది తప్పకుండా చెప్పాలి. మా అద్దె ఇంటి ఏజెంటు తనిఖీకి వచ్చి కోళ్లగూడు చూసి, రెండు వారాల్లో తీసెయ్యమని ఉత్తరం పంపాడు. అప్పుడే మా నల్లపెట్టకి బాగోలేదు, దాన్ని అట్టపెట్టెలో వంటింట్లో పెట్టుకున్నాం. ‘ఇంట్లో కోడి’ అని దానికీ ఓ ఫోటో తీసుకుపోయాడు. నేను 1950 నాటి అలాట్‌మెంట్స్ చట్టం 12వ సెక్షన్ ప్రింటు తీసి పంపాను. అద్దె ఒప్పందంలో ఏం రాసి ఉన్నా, వ్యాపారానికి కాకుండా ఇంటి అవసరానికి కోడిపెట్టల్ని పెంచుకునే హక్కు ఉందని అందులో ఉంది. పుంజుకి ఆ హక్కు లేదు. ఆ తర్వాత ఉత్తరాలు ఆగిపోయాయి. కానీ ఖాళీ చేసేటప్పుడు గడ్డి పాడైందని డిపాజిట్‌లో భారీగా కోతపెట్టాడు. చేరినరోజు తీసిన ఫోటోలు నా దగ్గరున్నాయి. అద్దె డిపాజిట్ల తగాదాలు తీర్చే డిపాజిట్ స్కీమ్ వాళ్ల దగ్గర ఉచితంగానే ఫిర్యాదు చేస్తే డబ్బంతా వెనక్కి వచ్చింది. నువ్వూ ఇవాళే పెరడంతా ఫోటోలు తీసి పెట్టుకో.

కార్డిఫ్:
రెడింగ్ అన్నా, ఆ సెక్షన్ సగమే చెప్పారు. పొరుగువాళ్లకి ఇబ్బందిగానో, ఆరోగ్యానికి చేటుగానో ఉంటే ఆ హక్కు వర్తించదు. ఎలకలు చేరితే కౌన్సిల్ వాళ్లే వస్తారు. మేత రాత్రిపూట బయట వదలొద్దు. రిజిస్ట్రేషన్‌కి మాత్రం భయపడక్కర్లేదు తమ్ముడూ, యాభై కోళ్లు ఉంటేనే.

మిల్టన్ కీన్స్:
అది పాత మాట. 2024 అక్టోబర్ 1 నుంచి ఇంగ్లండ్‌లోనూ మీ వేల్స్‌లోనూ ఒక్క కోడి ఉన్నా ప్రభుత్వ జంతు ఆరోగ్య సంస్థ ఏపీహెచ్‌ఏలో నమోదు చెయ్యాలి. తెచ్చిన నెలలోపు, ఉచితం. బర్డ్‌ఫ్లూ వస్తే చుట్టుపక్కల ఎవరి దగ్గర కోళ్లున్నాయో తెలియాలిగా. ఇంకోటి, మనవాళ్లందరూ చేసేదే: మిగిలిన అన్నం, ఇడ్లీ ముక్కలు వెయ్యడం. ఇక్కడ వంటింట్లోంచి వచ్చినది ఏదీ కోళ్లకి పెట్టకూడదు, కూరగాయ తొక్కలైనా సరే. పూర్తి వీగన్ వంటిల్లయితేనే మినహాయింపు. పెరట్లోంచి నేరుగా కోసిన ఆకులు వెయ్యొచ్చు.

కార్డిఫ్:
ఇన్నేళ్లుగా పెంచుతున్నాం, మా అమ్మ వచ్చినప్పుడల్లా అన్నమే పెట్టేది. పసుపు, ఉల్లిపాయ ముద్ద చేసి మింగిస్తే సగం రోగాలు పోతాయి, వెట్‌కి (పశువుల డాక్టరుకి) అంత డబ్బు పొయ్యక్కర్లేదు.

లెస్టర్:
ఉల్లిపాయ వద్దమ్మా, అది కోళ్ల నెత్తురుకి మంచిది కాదు. వెట్ ఖర్చుకి భయపడి ఆగితే ఇలాంటి కేసులో ఒక్క రోజులో చచ్చిపోతుంది. యాంటీబయాటిక్ ఏదైనా ఇక్కడ వెట్ చీటీ లేకుండా అమ్మరు. నులిపురుగులకి ఫ్లూబెన్‌వెట్ ఒకటి మేతలో కలిపి ఇవ్వొచ్చు, ఆ గుడ్లు తినొచ్చు. వేరే మందు ఏది వేసినా గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో వెట్‌నే అడగాలి.

స్విండన్:
అక్కా, మేతసంచి ఖాళీగానే ఉంది. వెనక భాగం కింద మెల్లగా తడిమితే గట్టిగా గుండ్రంగా తగులుతోంది. ముక్కు, కళ్లు శుభ్రంగానే ఉన్నాయి, ఆయాసం లేదు.

లెస్టర్:
అయితే గుడ్డే. గోరువెచ్చని నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేసి, పొట్ట మునిగేలా పావుగంట కూర్చోబెట్టు. తుడిచి, మలద్వారం దగ్గర కాస్త వాసెలిన్ రాసి, చీకటిగా వెచ్చగా ఉన్న పెట్టెలో విడిగా ఉంచు. నొక్కి బయటికి తియ్యాలని చూడొద్దు, లోపల పగిలితే పెంకు కోస్తుంది. సాయంత్రానికి రాకపోతే కోళ్లని చూస్తామనే వెట్ దగ్గరికి తీసుకెళ్లు. అందరూ చూడరు, ఫోన్ చేసి కనుక్కో. కాల్షియం ఇంజెక్షన్ ఇస్తారు. తేరుకున్నాక గుడ్లు పెట్టే కోళ్లకిచ్చే లేయర్స్ మేతతో పాటు గుల్లల పొడి విడిగా గిన్నెలో పెట్టు.

మిగతా రెండింటిలో ఏదైనా తల వాచినా, తురాయి నీలంగా మారినా, చెప్పాపెట్టకుండా చచ్చినా వెంటనే ఏపీహెచ్‌ఏకి ఫోన్ చెయ్యి, అది చట్టం. చచ్చిన కోడిని పెరట్లో పాతిపెట్టడం కూడా కుదరదు, పెంపుడుదైనా పశువుల లెక్కే. వెట్‌కి ఇస్తే వాళ్లే చూసుకుంటారు.