గెలిచినవాళ్లు ఓడినవాళ్లలో ఎందుకు కలిసిపోతారు? తలల లెక్కేనా కారణం?

దివిటీ:
"వచ్చినవాళ్లు గుప్పెడు, ఉన్నవాళ్లు కోట్లు, అందుకే కలిసిపోయారు" అని చైనాని గెలిచిన మంచూలకీ, ఇంగ్లండ్‌ని గెలిచిన ఫ్రెంచి మాటల నార్మన్లకీ ఒకే మాట అతికించేస్తున్నారు. తలల లెక్కే నిజమైతే 7వ శతాబ్దంలో ఈజిప్టు గెలిచిన అరబ్బులు అక్కడి జనం భాషైన కాప్టిక్ నేర్చుకుని ఉండాలి. జరిగింది తలకిందులు. నా మాట ఇదీ: పన్ను లెక్కలు ఎవరి భాషలో రాస్తారో చివరికి వాళ్లదే పైచేయి.

గుర్రపుడెక్క:
తలల లెక్కని అంత తేలిగ్గా తీసిపారేయకండి. బల్గార్లు 681 నాటికి డాన్యూబ్ నదికి దక్షిణాన, నేటి బల్గేరియాలో, రాజ్యం పెట్టారు. వాళ్లది తుర్కీ కుటుంబపు భాష, కింద ఉన్నది స్లావు జనం. 893 కల్లా చర్చిలో స్లావు భాష కుదురుకుంది. వచ్చినవాళ్ల పేరు దేశానికి మిగిలింది, మాట మిగల్లేదు. సంఖ్య కాకపోతే మరేమిటి?

దివిటీ:
బల్గారు ఖానులు, అంటే రాజులు, రాళ్లమీద చెక్కించింది ఎక్కువగా గ్రీకులో అండీ! సొంత మాటలో రాసే అలవాటే లేదు. ఈజిప్టులో చూడండి. 643 నాటి ఒక రశీదు దొరికింది: హెరాక్లియోపోలిస్‌లో సైన్యం తీసుకున్న 65 గొర్రెలకి. పైన గ్రీకు, కింద అరబ్బీ. దండయాత్ర ముగిసీ ముగియకముందే అరబ్బీ కాగితం మీదికెక్కింది. ఆపై 60 ఏళ్లపాటు గ్రీకు గుమస్తాలే నెట్టుకొచ్చారు, నిజమే. కానీ ఖలీఫా అబ్దుల్ మలిక్ హయాంలో మొదలుపెట్టి దఫ్తరాలు, అంటే సర్కారు పన్ను లెక్కలు, అరబ్బీకి మార్చారు. ఇరాక్‌లో 697 ప్రాంతంలో, ఈజిప్టులో 706లో. ఆ తర్వాత కొలువు కావాలంటే గుమస్తా అరబ్బీ నేర్వాల్సిందే.

పాతపద్దు:
ఇరాక్‌లో మారింది పారసీ దఫ్తరమే కదా. తర్వాత ఇరాన్ దఫ్తరాలూ అరబ్బీలోకే వెళ్లాయి. అయినా ఇరాన్ జనం అరబ్బీ మాట్లాడలేదేం? దఫ్తరం గుమస్తాని మారుస్తుంది, వంటింటిని మార్చదు.

సైన్యం ఎక్కడ కాపురం పెట్టిందో చూడండి. ఇరాక్‌లో కూఫా, బస్రా, ఈజిప్టులో ఫుస్తాత్, మూడూ దండు పట్టణాలు. అక్కడ అరబ్బులు గుంపుగా ఉన్నారు, పని కోసం వచ్చిన స్థానికులు వాళ్ల మాట నేర్చుకున్నారు. పారసీ మాట్లాడే తూర్పు సీమలోని మెర్వ్‌లో సిపాయిలు చుట్టుపక్కల ఊళ్లలో సర్దుకున్నారు, పొలాలు కొన్నారు, అక్కడి ఇళ్లతో వియ్యమందారు. వాళ్ల పిల్లలు పారసీ మాట్లాడారు. దండు ఒక్కటే, ఖలీఫా ఒక్కడే, ఫలితాలు రెండు.

గుర్రపుడెక్క:
విడిగా ఉంటే చాలంటారా? మంచూల కంటే విడిగా ఎవరున్నారు? గోడ కట్టిన పేటలు, వెండీ బియ్యమూ జీతం, వేరే వృత్తి చేయకూడదు, హాన్ (చైనీస్) ప్రజలతో పెళ్లిళ్లపై నిషేధం, అదీ 1902 దాకా! అయినా 18వ శతాబ్దంలోనే చియన్‌లుంగ్ చక్రవర్తి తనవాళ్లకి మంచూ రావట్లేదని తిట్టిపోశాడు. ఎందుకంటే పతాక దళాల (మంచూల సైన్య విభాగాల) లోపలే చైనీస్ మాట్లాడే దళాలు మొదటినుంచీ ఉన్నాయి. గోడ బయటివాళ్లని ఆపింది, లోపలే ఉన్న భాషని ఎలా ఆపుతుంది? 1764లో సుమారు 1,000 మంది షీబె తెగ సైనికుల్ని కుటుంబాలతో సహా పడమటి కొసన మారుమూల ఇలీ లోయకి పంపారు. మంచూకి అతి దగ్గరిదైన వాళ్ల మాట నేటికీ బతికుంది. సంఖ్య అన్నప్పుడు దేశం మొత్తం జనాభా కాదు, పక్కింటి జనాభా లెక్కపెట్టాలి. ఈ సవరణ ఒప్పుకుంటాను.

కంచుగంట:
మీరంతా భాష పోతే మనుషులే కలిసిపోయినట్టు మాట్లాడుతున్నారు. మంచూలకి మాట పోయినా జీతాల జాబితాలో పేరు ఉన్నన్నాళ్లూ వాళ్లు వేరే. 1912లో రాజ్యం పోయాకే ఆ గీత చెరగడం మొదలైంది.

పైగా "వాళ్లు" అంటే ఎవరు? ఉత్తర చైనాని గెలిచిన షియాన్‌బెయ్ తెగవాళ్ల రాజ్యం ఉత్తర వెయ్. దాని రాజు షియావ్‌వెన్ రాజధానిని ఉత్తరాన ఉన్న పింగ్‌చెంగ్ నుంచి లుయోయాంగ్‌కి దించాడు. 495లో కొలువులో సొంత షియాన్‌బెయ్ మాటనే నిషేధించాడు. 30 దాటినవాళ్లకి నాలుక తిరగదని కొంత వెసులుబాటు, 30 లోపువాళ్లు మాట్లాడితే పదవి తగ్గింపు. చచ్చాక శవాన్ని కూడా ఉత్తరానికి తీసుకెళ్లకూడదు. 496లో రాజకుటుంబపు తువోబా అనే ఇంటిపేరు యువాన్‌గా మారింది. ఇదంతా లుయోయాంగ్‌లో. ఉత్తర సరిహద్దు ఆరు దండుల్లో అదే జాతి సిపాయిలు పాత మాటతోనే ఉండిపోయారు, పదవులకి దూరమయ్యారు. 523లో తిరగబడ్డారు, పదేళ్లు దాటేసరికి రాజ్యం రెండు ముక్కలు. కలిసిపోయింది సగం జాతే.

దివిటీ:
వంటింటి మాట ఒప్పుకున్నాను. దఫ్తరం ఒక్కటే చాలదు. కానీ అది లేకుండా ఏ పాలక భాషా నిలవలేదు, ఇది కాదనలేరు.

పాతపద్దు:
ఉండీ నిలవలేదు. నార్మన్లు 1066లో ఇంగ్లండ్ గెలిచారు, 1204లో ఫ్రాన్స్ వైపున్న సొంత గడ్డ నార్మండీ పోగొట్టుకున్నారు. ఇక అటు ఒక కాలు, ఇటు ఒక కాలు వేసే వీల్లేక ప్రభువుల్లో చాలామంది ఒక గట్టునే మిగిలారు. న్యాయస్థానాల్లో మాత్రం ఇంకా ఫ్రెంచే. 1362లో వాదనలు ఇంగ్లీషులో జరగాలని చట్టం చేశారు. ఆ చట్టం రాసింది ఫ్రెంచిలో, రికార్డు మాత్రం లాటిన్‌లో ఉంచమంది. మీ లెక్కన ఇంగ్లండ్ లాటిన్ మాట్లాడాలి.