సమస్య: పుల్ల చొప్పింప గణకపు బుద్ధి పెరిగె

నిర్వాహకుడు: ఈ వారం తేటగీతి పద్యం, పై పాదం చివర వచ్చేలా పూరించాలి. విండోస్ విస్టాతో వచ్చిన రెడీబూస్ట్ గుర్తుందా? ఫ్లాష్ డ్రైవ్ (యూఎస్‌బీ పుల్ల) గుచ్చితే కంప్యూటర్ వేగం పెరుగుతుందన్నారు. పుల్ల గుచ్చితే బుద్ధి పెరగడమేమిటో మీరే సమర్థించండి.

గణకప్రియ:

ర్యాము చాలక నత్తయై యాగి యాగి
తెరను గిరగిర వలయము తిరుగుచుండ
మిత్రుఁ డొక్కండు మెల్లగా మేలు దలచి
పుల్ల చొప్పింప గణకపు బుద్ధి పెరిగె.

నిర్వాహకుడు: నడక హాయిగా ఉంది, యతులన్నీ కుదిరాయి. కానీ సమస్యలోని చిక్కు అలాగే మిగిలింది. పుల్ల గుచ్చాడు సరే, బుద్ధి ఎలా పెరిగింది? పైగా చదివినవాళ్లు ర్యామే (కంప్యూటర్ పని చేస్తున్నప్పుడు వాడుకునే జ్ఞాపకం) పెరిగిందనుకుంటారు. రెడీబూస్ట్‌లో ర్యామ్ ఒక్క బైటు కూడా పెరగదు. హార్డ్ డిస్కులో ఉన్న సమాచారానికి నకలు ఫ్లాష్‌లో ఉంటుంది, అంతే.

లఘువు: ఆ నకలు మాటే పట్టుకున్నాను.

డిస్కు సూదికి వెదుకాట తీరునట్లు
చిన్న ముక్కల నకలును చెంత నిలిపి
యడిగినంతనె చిటుకున నందజేయు
పుల్ల చొప్పింప గణకపు బుద్ధి పెరిగె.

నిర్వాహకుడు: భావం భేష్! ‘చిన్న ముక్కల’ అనడం ఈ పూరణకు ప్రాణం. తిరిగే డిస్కులో అక్కడక్కడా చెదిరిన 4 కిలోబైట్ల ముక్కల కోసం చదివే సూది (హెడ్) అటూ ఇటూ కదలాలి, ఆలస్యమంతా అక్కడే. ఫ్లాష్‌లో కదిలే భాగమే లేదు. వరుసగా ఉన్న పెద్ద ఫైలును చదవడంలో మాత్రం డిస్కుదే పైచేయి, అందుకే విండోస్ దాన్ని డిస్కు నుంచే తెస్తుంది. ఇక మొదటి పాదంలో డి–తీ యతి చెల్లదండీ. ‘తిరుగు డిస్కున వెదుకాట తీరునట్లు’ అంటే సరిపోతుంది.

లఘువు: ధన్యవాదాలు, సవరణ నాకు సమ్మతమే.

పాతకీబోర్డు: మీరంతా ఫ్లాష్ పుల్ల చుట్టూనే తిరుగుతున్నారు. నా పుల్ల వేరు.

ఫ్లాషు పుల్లతో నాటలు పనికిరావు,
మూత విప్పి యా గాడిలో మోపి నొక్కి
మెదడు కసలైన చుట్టము మెమొరి యనెడు
పుల్ల చొప్పింప గణకపు బుద్ధి పెరిగె.

నిర్వాహకుడు: ఫ్లాష్ బదులు ర్యామ్ అని పుల్లనే మార్చేశారే! నాకు అన్నిటికంటే నచ్చిన విరుపు ఇదే. ‘పనికిరావు’ మాత్రం కాస్త పెడసరం. 512 మెగాబైట్ల ర్యామ్‌తో, తిరిగే డిస్కుతో విస్టా నడిపినవాళ్లకు పుల్ల ఎంతో కొంత ఊరటే. ర్యామ్ సరిపడా ఉన్నచోట తేడా కనబడదు.

గణకప్రియ: మధ్యలో ఎవరైనా పీకేస్తే? నా మిత్రుడు అలాంటివాడే.

లఘువు: ఏమీ కాదండీ. అసలు ప్రతి డిస్కులోనే ఉంటుంది. పుల్ల పోయినా భయం లేదు, అందులోని నకలు ఏఈఎస్ అనే పద్ధతిలో 128 బిట్ల గుప్తలిపిలో ఉంటుంది. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టంలో స్వాప్‌ను (ర్యామ్‌లో పట్టనిది దాచే చోటును) ఫ్లాష్ మీద పెట్టుకుంటే మాత్రం కథ వేరు. అక్కడ దాచిన పేజీకి (సమాచారపు ముక్కకు) ఇంకో ప్రతి ఉండదు, పీకితే నడుస్తున్న ప్రోగ్రాములు కూలతాయి. పదే పదే రాతలు పడి ఫ్లాష్ కూడా అరుగుతుంది.

గణకప్రియ: నా కంప్యూటర్‌లో ఉన్నది తిరిగే డిస్కు కాదు, ఫ్లాష్‌తోనే చేసిన ఎస్ఎస్‌డీ. విండోస్ 7 అయితే ఇప్పటికే వేగంగా ఉంది, రెడీబూస్ట్ అక్కర్లేదు పొమ్మంది. మళ్లీ రాద్దామంటే వస్తువే లేకుండా పోయింది!

నిర్వాహకుడు: ఆ ‘పొమ్మంది’నే పద్యం చేయండి. గడువు రేపటిదాకా ఉంది.