కుప్పం క్వారీలో ఉన్న బ్రెన్ క్యారియర్‌ను కొని బాగుచేయించవచ్చా?

చంద్రగిరి తోట

అందరికీ నమస్కారం. కుప్పం దగ్గర మూతపడిన ఒక గ్రానైట్ క్వారీలో రెండో ప్రపంచ యుద్ధం నాటి యూనివర్సల్ క్యారియర్ ఒకటి తుమ్మచెట్ల మధ్య పడి ఉంది. బ్రెన్ క్యారియర్ అని ఎక్కువమంది పిలిచే చిన్న చైన్ బండి ఇదే. యుద్ధం ముగిశాక సైన్యం వేలం వేసిన మిగులు సామగ్రిలో పెద్దలు దాన్ని కొన్నారనీ, కొంతకాలం రాళ్లు లాగడానికి వాడారనీ యజమాని కుటుంబం చెబుతోంది. తుపాకీ గానీ, దాన్ని బిగించే స్టాండు గానీ లేవు. ఎడమవైపు చైన్ తెగి మట్టిలో కూరుకుపోయింది. ఇంజన్ ఉంది కానీ తిరగడం లేదు. తుక్కు ధర మీద కొంత ఎక్కువిస్తే ఇస్తామంటున్నారు; ఆలస్యమైతే గ్యాస్ కట్టర్ వచ్చేస్తుంది.

1941లో అబిసీనియా (నేటి ఇథియోపియా) సరిహద్దులో భారత సైనికాధికారి ప్రేమీంద్ర సింగ్ భగత్ ఇటువంటి క్యారియర్‌లోనే దళానికి ముందు సాగుతూ, తన బండి రెండుసార్లు పేలిపోయినా వెనక్కి తగ్గకుండా, 4 రోజుల్లో 15 చోట్ల మందుపాతరలను తొలగింపజేసి బ్రిటిష్ వారి అత్యున్నత సాహస పతకం విక్టోరియా క్రాస్ పొందారు. ఆ చరిత్ర తెలిసినవాడిగా దీన్ని ముక్కలు కానివ్వడం నాకు ఇష్టం లేదు. మా మామిడితోటలో షెడ్డు వేసి, మళ్లీ నడిచే స్థితికి తేవాలని నా కోరిక. కొనేముందు ఏమేమి చూడాలో, పని ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవజ్ఞులు చెప్పగలరు.

విశ్రాంత ఈఎంఈ (సైన్యంలో వాహనాలు బాగుచేసే విభాగం), చిత్తూరు

ఇనుముకన్నా ముందు కాగితం చూడండి. నాటి వేలం రసీదు ఆ ఇంట్లో ఏ ట్రంకుపెట్టెలోనైనా ఉందేమో వెతికించండి. దొరక్కపోతే వారసులందరి సంతకాలతో అమ్మకపు పత్రం రాయించుకుని నోటరీ చేయించండి. ఆయుధం లేకపోయినా అది కవచం ఉన్న సైనిక వాహనమే కాబట్టి, డబ్బు చెల్లించక ముందే కలెక్టర్, ఎస్పీ కార్యాలయాలకు ఫొటోలతో సహా రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు ముద్ర వేయించుకోవడం మంచిది. అడుగున మట్టి తీసేటప్పుడు తూటా గానీ, తుపాకీ భాగం గానీ కనబడితే చేతితో తాకకుండా పోలీసులను పిలవండి.

రోడ్డు మీద నడపాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే వదులుకోండి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ నిబంధనలు 50 ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఉద్దేశించినవి. చైన్ బండికి అందులో చోటు లేదు. మీ తోట హద్దుల్లోనే నడుపుకోవాలి.

రేణిగుంట రోడ్డు లేత్ వర్క్స్

పై పెద్దాయన చెప్పిన కాగితాల సంగతి తేలాక, మీరు ఇంజన్ వైపు చూడకుండా నేరుగా బండి ముందుభాగం కిందికి వెళ్లండి. ఈ బండికి మామూలు ట్యాంకులకు లేని ఒక ఏర్పాటు ఉంది. స్టీరింగ్‌ను కొద్దిగా తిప్పితే రెండు వైపుల ముందు బోగీలను (చైన్ మీద దొర్లే చక్రాల జతలను) మోసే అడ్డగొట్టం పక్కకు జరుగుతుంది. నేలను అంటుకుని ఉన్న చైన్ విల్లులా వంగి, బండి మెత్తగా మలుపు తిరుగుతుంది. ఇంకా తిప్పినప్పుడే లోపలి చైన్‌కు బ్రేకు పడుతుంది. ఆ అడ్డగొట్టం వంగి ఉన్నా, తుప్పుతో తన గూటిలో అతుక్కుపోయి ఉన్నా ఖర్చు రెట్టింపవుతుంది. కొనాలా వద్దా అన్నది నా లెక్కలో దీని మీదే ఆధారపడి ఉంటుంది.

తరువాత చైన్. లింకులు మాలియబుల్ కాస్ట్ ఐరన్‌వి (పెళుసుదనం తగ్గించిన పోత ఇనుము). కుడివైపు వరుసగా పది లింకులను వైర్ బ్రష్‌తో శుభ్రం చేసి, బిగుతుగా లాగి పట్టి, మొదటి పిన్ను మధ్య నుంచి పదకొండో పిన్ను మధ్య వరకు టేపుతో కొలవండి. కొత్తప్పుడు ఒక్కో లింకుకు ఒకటిముప్పావు అంగుళం, అంటే పదింటికి పదిహేడున్నర అంగుళాలు రావాలి. ఎంత ఎక్కువ వస్తే పిన్నులూ రంధ్రాలూ అంత అరిగినట్టు. పిన్నులను మా వంటి షాపుల్లో తిప్పించుకోవచ్చు గానీ, పగిలిన లింకులకు మామూలు రాడ్‌తో వెల్డింగ్ మాత్రం చేయించవద్దు. ఆ వేడికి ఆ ఇనుము పెళుసెక్కి అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది.

కవచపు రేకులు 7 నుంచి 10 మిల్లీమీటర్ల మందం, రివెట్లతో బిగించినవి. అవి సాధారణంగా నిలిచి ఉంటాయి. ఆకులు, నీళ్లు నిలిచే అడుగు రేకు మాత్రం పాడవుతుంది. స్క్రూడ్రైవర్‌తో అంగుళం అంగుళం పొడిచి చూడండి.

తుప్పు వదిలించడానికి మన జిల్లాలో దొరికే మార్గమే ఉంది. ఒక వంతు మొలాసిస్‌కు (చక్కెర మిల్లుల్లో మిగిలే మడ్డికి) తొమ్మిది వంతుల నీరు కలిపి, విడదీసిన ఇనుప భాగాలను కొన్ని వారాలు నానబెడితే తుప్పు మాత్రమే కరుగుతుంది, మంచి ఇనుము మిగులుతుంది. వాసన భరించాలి, నీటితో కడిగిన వెంటనే నూనె రాయాలి. అల్యూమినియం భాగాలను అందులో వేయకండి, అవి తినివేయబడతాయి.

పలమనేరు మెకానిక్

ఇంజన్ గురించి అంత దిగులు అక్కర్లేదు. అది ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్ వీ8 (ఎనిమిది సిలిండర్ల పెట్రోల్ ఇంజన్), సుమారు 3.9 లీటర్లు, 85 హార్స్‌పవర్. నాటి ఫోర్డ్ కార్లకూ లారీలకూ ఇదే కుటుంబపు ఇంజన్ కాబట్టి విదేశాల్లో దీని విడిభాగాలు నేటికీ తయారవుతున్నాయి. పాత విడిభాగాల బజారైన చెన్నై పుదుప్పేటలో కూడా ఒకసారి విచారించండి. బలవంతంగా మాత్రం తిప్పవద్దు. ప్లగ్గులు తీసి, ఎనిమిది సిలిండర్లలోనూ డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి కొన్నాళ్లు వదిలేయండి.

అసలు భయం పగుళ్ల గురించి. ఈ ఇంజన్‌లో పొగ దారులు బ్లాకు లోపలినుంచే బయటికి వెళ్తాయి, అందువల్ల నీటి జాకెట్ (సిలిండర్ల చుట్టూ నీరు తిరిగే గది) బాగా వేడెక్కుతుంది. వాల్వు సీటుకూ సిలిండరుకూ మధ్య వెంట్రుకంత పగులు ఉన్నా తర్వాత పెట్టే ఖర్చంతా వృథా. బోరింగుకు (సిలిండర్లను లోపల కోసి సాపు చేయడానికి) ఇచ్చే ముందే, ఒత్తిడి పెట్టి లీకులు చూసే ప్రెషర్ టెస్ట్ చేయించండి. క్లచ్, బ్రేకు లైనింగుల్లో ఆనాటి ఆస్‌బెస్టాస్ ఉంటుంది, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకు హాని. ఎయిర్‌తో ఊదకుండా తడిగుడ్డతో తుడవండి.

చంద్రగిరి తోట

అందరికీ కృతజ్ఞతలు. ఈ ఆదివారం టేపు, స్క్రూడ్రైవర్ తీసుకుని కుప్పం వెళ్తాను. అడ్డగొట్టం వంగకుండా, అతుక్కుపోకుండా ఉంటే బేరం కుదుర్చుకుంటాను. దాన్ని లోబెడ్ ట్రైలర్ మీద పలమనేరు, మొగిలి ఘాట్ మీదుగా దించాలి. తెగిన చైన్‌తో ఎక్కించడం ఎలా?

రేణిగుంట రోడ్డు లేత్ వర్క్స్

చైన్‌లు రెండూ విప్పేసి, లింకులకు వరుస నంబర్లు రాసి విడిగా తీసుకురండి. బండి దాదాపు 4 టన్నుల లోపే ఉంటుంది కాబట్టి క్వారీల్లో తిరిగే క్రేన్ చాలు. బెల్టులను బాడీకి ఉన్న లాగుడు కొక్కేలకే వేయించండి, ముందు అడ్డగొట్టానికి గానీ చక్రాలకు గానీ బరువు పడనివ్వకండి. ఘాట్‌లో దిగేటప్పుడు జారకుండా బాడీ కింద చెక్క దిమ్మెలు పెట్టి నాలుగు మూలలా చైన్‌బ్లాక్‌లతో బిగించండి. కాటా చీటీ, ఈ-వే బిల్లు, అమ్మకపు పత్రం నకలు డ్రైవరు దగ్గర ఉంచండి.