ఫోన్ స్వర్ణాల చెరువులో పడింది. వాట్సాప్, ఫొటోలు వెనక్కి తెచ్చుకున్నవాళ్లు ఎవరైనా చెప్పండి

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
రొట్టెల పండగకి ఇంట్లోవాళ్లతో బారాషహీద్ దర్గాకి వెళ్లాను. పాపకి చదువు బాగా రావాలని చదువు రొట్టె అందుకుందామని దర్గా పక్కనున్న చెరువులో, మోకాళ్ల లోతు నీళ్లలో వంగితే పైజేబులోంచి ఫోన్ జారిపోయింది. కాళ్లతో తడిమి పది నిమిషాలకి తీశాం కానీ అప్పటికే ఆరిపోయింది. ఫోన్ పోయిందని బాధ లేదు. సంక్రాంతికి ముందు మా నాన్న చనిపోయారు. ఆయనకి టైపు చేయడం రాదు, ఏం చెప్పాలన్నా మైకు నొక్కి మాట్లాడి పంపేవారు. ఆ వాయిస్ మెసేజ్‌లన్నీ అందులోనే ఉన్నాయి. కొత్త ఫోన్ కొన్నాను, పాత నంబరుకే సిమ్ తీసుకున్నాను. ఏం చేస్తే ఏం పోతుందోనని వాట్సాప్ ఇంకా ఎక్కించలేదు.

రిపేరు బల్ల, ఒంగోలు:
అన్నా, ఎక్కించకుండా ఆగడమే మంచిదైంది. ముందు తడిసిన ఫోన్‌కి చార్జర్ పెట్టకండి. బియ్యంలో కూడా పెట్టొద్దు, లోపల తేమ పోదు సరికదా ఆ పిండి చార్జింగ్ రంధ్రంలో చేరుతుంది. ఫోన్ లోపలి బోర్డు (మదర్‌బోర్డు) రిపేరు పని తెలిసినవాళ్లకి వెంటనే ఇవ్వండి. "చిప్ పీకి డేటా తీస్తాం" అంటే నమ్మొద్దు. ఇప్పటి ఫోన్లలో డేటా తాళం వేసి ఉంటుంది, ఆ తాళంచెవి అదే బోర్డు మీది ప్రాసెసర్‌తో ముడిపడి ఉంటుంది. అదే బోర్డు ఒక్కసారైనా ఆన్ కావాలి, మీ స్క్రీన్ లాక్ పడాలి. అప్పుడే డేటా వస్తుంది.

ఇక వాట్సాప్. కంప్యూటర్‌లో మీ జీమెయిల్‌తో గూగుల్ డ్రైవ్ తెరవండి. స్టోరేజ్‌లోకి వెళ్తే బ్యాకప్స్ అని ఉంటుంది. వాట్సాప్ బ్యాకప్ ఉందా, ఏ తేదీది అన్నది అక్కడ చూడండి. రెండు మూడు జీమెయిల్స్ ఉంటే అన్నిట్లోనూ వెతకండి. దొరికిన అకౌంట్‌నే కొత్త ఫోన్‌లో పెట్టి, అదే నంబరుతో వాట్సాప్ ఎక్కించండి. రీస్టోర్ అని అడిగేది ఆ మొదట్లోనే. పొరపాటున స్కిప్ నొక్కొద్దు.

రొయ్యల గుంట, అల్లూరు:
ఆ స్కిప్ నా కొంప ముంచింది కాబట్టి చెబుతున్నా. నా గుంటల లెక్కలన్నీ వాట్సాప్‌లోనే. ఏ రోజు ఎంత మేత వేశాం, మేత తిన్నాయో లేదో చూసే చెక్ ట్రేలో ఎంత మిగిలింది, ఏ కౌంట్‌కి (కిలోకి ఎన్ని రొయ్యలు అన్న లెక్కకి) ఏ రేటు మాట్లాడుకున్నాం, అన్నీ. పాత ఫోన్ గట్టు మీద పడి టచ్ పోయింది. మావాడు తొందరలో కొత్త దాంట్లో స్కిప్ కొట్టేశాడు. ఆ రాత్రే ఆటోమేటిక్ బ్యాకప్ నడిచింది, ఖాళీ వాట్సాప్ వెళ్లి డ్రైవ్‌లో పాతదాని మీద కూర్చుంది. పట్టెడు అన్నం సయించలేదు.

ఆదుకుంది పాత ఫోనే. టచ్ లేకపోయినా బొమ్మ కనిపిస్తోంది. ఓటీజీ ముక్క (ఫోన్‌కి మౌస్, పెన్‌డ్రైవ్ లాంటివి తగిలించే చిన్న కనెక్టర్) పెట్టి కంప్యూటర్ మౌస్ తగిలిస్తే తెర మీద బాణం గుర్తు వచ్చింది! దాంతోనే పిన్ కొట్టి లోపలికి వెళ్లాను. ఆండ్రాయిడ్ ఫోల్డర్, అందులో మీడియా, అందులో 'కామ్ డాట్ వాట్సాప్' అని ఉంటుంది. దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి తీసుకున్నాను. కొత్త ఫోన్‌లో వాట్సాప్ తీసేసి, ఆ ఫోల్డర్‌ని అదే చోట పెట్టి, మళ్లీ ఎక్కించాను. ఫోన్‌లోనే ఉండే ఈ బ్యాకప్ తెల్లవారుజామున 2 గంటలకి తయారవుతుంది, చివరి 7 రోజులవి ఉంటాయి. డ్రైవ్‌లో దొరకనిది ఇందులో దొరికింది. మీ ఫోన్ బోర్డు పనితో ఆన్ అయితే ముందు ఈ ఫోల్డరే తీయండన్నా.

పలకల ఊరు టీచర్, మార్కాపురం:
ఫొటోల సంగతి నేను చెబుతాను తమ్ముడూ. ఫోన్ నిండిందని నేను గూగుల్ ఫొటోస్ యాప్‌లోనే కూర్చుని స్కూలు వార్షికోత్సవం ఫొటోలు డిలీట్ చేశాను. పైన, అంటే గూగుల్ అకౌంట్‌లో, భద్రంగా ఉన్నాయి కదా అనుకున్నాను. ఆ యాప్‌లో డిలీట్ కొడితే పైన కూడా పోతాయని అప్పటికి తెలియదు. బ్యాకప్ అయిన ఫొటోలు ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి. నాకు నలభయ్యో రోజున తెలిసింది కాబట్టి దక్కాయి. ఫోన్ మాత్రమే ఖాళీ కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' వాడాలి.

ఇంకొకటి. బ్యాకప్ ఆన్‌లో ఉంటే కెమెరా ఫొటోలు వాటంతటవే పైకి వెళ్తాయి కానీ వాట్సాప్‌లో వచ్చినవి వెళ్లవు. ఆ ఫోల్డర్‌ని విడిగా ఆన్ చేసుకోవాలి. మా బంధువుల పెళ్లి ఫొటోలన్నీ నేను అట్లాగే పోగొట్టుకున్నాను.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
కంప్యూటర్ సెంటర్‌లో కూర్చుని చూశాను. బ్యాకప్ ఉంది, కానీ ఏప్రిల్‌తో ఆగిపోయింది. మెయిల్, డ్రైవ్, ఫొటోలు అన్నీ కలిపి ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయింది. ఆ ఎర్ర గీత ఎన్నిసార్లు చూసి పక్కకి నెట్టేశానో. ఏప్రిల్ అంటే నాన్న మెసేజ్‌లన్నీ అంతకు ముందువే. చేతులు వణుకుతున్నాయి. కొత్త ఫోన్‌లో జీమెయిల్ పెడుతుంటే "మీ పాత ఫోన్‌లో ఎస్ నొక్కండి" అంటోంది. ఇప్పుడెట్లా?

కనిగిరి కుర్రోడు:
టెన్షన్ పడకన్నా. అక్కడే కింద 'ట్రై అనదర్ వే' ఉంటుంది, నొక్కితే మీ నంబరుకి ఓటీపీ పంపమని అడగొచ్చు. సిమ్ చేతిలో ఉంది కాబట్టి సరిపోతుంది. లోపలికి వెళ్లాక సెక్యూరిటీలో బ్యాకప్ కోడ్స్ తీసుకోండి, 10 ఇస్తారు. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. మా అమ్మ ఫోన్‌వి రేషన్ కార్డు కవర్‌లోనే పెట్టాను. అన్నట్టు, బ్యాకప్‌కి ఎప్పుడైనా పాస్‌వర్డ్ పెట్టారా? ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఆన్ చేసి ఆ పాస్‌వర్డ్ మరిచిపోతే వాట్సాప్ వాళ్లు కూడా తెరవలేరు.

చీమకుర్తి క్వారీ:
ఫోన్‌పే, గూగుల్ పే కూడా బ్యాకప్‌లో వస్తాయా?

రిపేరు బల్ల, ఒంగోలు:
రావండీ. అవి సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ పంపి మళ్లీ కొత్తగా కలుపుకోవాల్సిందే. డబ్బు బ్యాంకులోనే ఉంటుంది, భయం లేదు. ఫోన్ దొంగతనం అయితే మాత్రం ముందు సిమ్ బ్లాక్ చేయించండి, తర్వాత కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఫోన్‌ని బ్లాక్ చేయండి. దానికి ఐఎంఈఐ నంబరు, అంటే ఫోన్ గుర్తింపు నంబరు కావాలి. ఫోన్ చేతిలో ఉన్నప్పుడే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ కొట్టి రాసిపెట్టుకోండి.

పెన్నా ఒడ్డు, నెల్లూరు:
వచ్చాయి. రీస్టోర్ నొక్కాక ముందు మాటలు వచ్చాయి, వాయిస్‌లు మెల్లగా గంటన్నర పాటు దిగుతూనే ఉన్నాయి. మొదట విన్నది "మోటారు ఆపావా అబ్బయ్యా, వానొచ్చేట్టుంది" అన్నది. మా ఆవిడ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది, మామయ్య గొంతు వినిపిస్తోందని.

వీడియోలు రాలేదు. బ్యాకప్‌లో వీడియోలు కలపాలన్న ఆప్షన్ ఆన్ చేయలేదు నేను. ఏప్రిల్ తర్వాతివి చెల్లెలూ బావా వాళ్ల ఫోన్లలో ఉన్నంతవరకు తిరిగి పంపుతున్నారు. నాన్న చాట్‌ని ఎక్స్‌పోర్ట్ చేస్తే అన్ని వాయిస్‌లూ వెళ్లలేదు. అందుకే రొయ్యల గుంట అన్న చెప్పిన ఫోల్డర్‌లోంచి వాయిస్ నోట్స్ అన్నీ పెన్‌డ్రైవ్‌లో వేశాను, చెల్లెలి ల్యాప్‌టాప్‌లో ఇంకో కాపీ ఉంచాను. రెండు చోట్లా తెరిచి, వినిపిస్తున్నాయో లేదో చూశాను. పాత ఫోన్ బోర్డు పనికి ఇచ్చాను, సోమవారం రమ్మన్నారు. ఆన్ అయితే ఇక్కడే రాస్తాను.