సమస్యాపూరణం: మండుటెండలోన మంచు గురిసె

నిర్వాహకుడు, నల్లగొండ:

ఈ పక్షం సమస్య ఆటవెలదిలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి.

మండుటెండలోన మంచు గురిసె

రోహిణి కార్తె నడుస్తోంది. మధ్యాహ్నం పన్నెండు దాటితే గడియారం సెంటర్‌లో కూడా మనిషి కనబడటం లేదు. అందుకే వస్తువు కూడా నేనే పెడుతున్నాను: ఇంట్లో చేసుకునే నిమ్మ, బత్తాయి, పుదీనా పానీయం. ఒక్క షరతు. పద్యంలో ఎలా చెబితే అలా మా వంటింట్లో చేసి చూస్తాను. గణాలతోపాటు గ్లాసు కూడా సరిచూసి విమర్శ రాస్తాను. హిమాలయాలకో కాశ్మీరుకో పోయే పూరణలు ఈసారి వద్దు.

సభ్యుడు, నకిరేకల్:

నల్లగొండ నేల నవ్విన బత్తాయి
పిండి పుదిన యాకు పిడికెడిడగ
గాజు గిన్నె నిండ గడ్డల పొడి రాల
మండుటెండలోన మంచు గురిసె

నిర్వాహకుడు:

మొదటి పాదం చదివి చాలాసేపు అక్కడే ఆగిపోయాను. బత్తాయి మన నేలలో నవ్వింది అనడంలో తోట రైతు కళ్లు కనబడుతున్నాయి. అనంతపురం వైపు చీనీ అంటారు, బజారులో మోసంబి అంటారు. మనకు మాత్రం అది బత్తాయే. ఆ మాటను సరిగ్గా ఇంద్రగణం చోట కూర్చోబెట్టారు.

చిక్కు మూడో పాదంలో ఉంది. ‘గడ్డల పొడి’ అంటే ఏ గడ్డలు? ఉల్లిగడ్డలూ కావచ్చు, ఆలుగడ్డలూ కావచ్చు. ‘ఐసుగడ్డ’ అనే మాట మన నోళ్లలో నలిగిందే, పద్యంలోకి రానీయండి:

నైసుగడ్డ దంచి యందులోఁ జల్లగ

రెండో పాదం చివరి ద్రుతం, అంటే నకారం, కలిసి ‘నైసు’ అయింది. ఐకారానికి అకారంతో మైత్రి ఉంది కాబట్టి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొంతన) చెడలేదు. ‘చల్లగ’ అన్నప్పుడు చల్లడమూ చల్లదనమూ రెండూ పలుకుతాయి.

ఇక గ్లాసు సంగతి. పిడికెడు పుదీనా ఒక్క గ్లాసులో వేస్తే బత్తాయి వాసనే లేకుండా పోయింది.

సభ్యుడు, నకిరేకల్:

ధన్యవాదాలు సార్. ఐసుగడ్డ మార్పు తీసుకుంటాను. పిడికెడు మాత్రం ఒక్కరికి కాదు. గాజు గిన్నె అన్నది ఇంటిల్లిపాదికీ కలిపే పెద్ద గిన్నె. పది బత్తాయిలకు పిడికెడు సరిపోతుంది. బత్తాయి ఒక్కటే చప్పగా ఉంటుందని రెండు నిమ్మకాయలు కూడా పిండుతాం. నిమ్మ మార్కెట్ ఉన్న ఊళ్లో ఉండి పద్యంలో నిమ్మకు చోటివ్వలేకపోయాను.

నిర్వాహకుడు:

గిన్నె లెక్క ఒప్పుకుంటున్నాను. గిన్నె అని మీరు స్పష్టంగానే రాశారు, నేనే గ్లాసు అనుకుని చదివాను.

సభ్యురాలు, మిర్యాలగూడ:

ఉప్పు చిటికె వేసి యొక్క నిమ్మను పిండి
పుదిన రెబ్బ రెండు తేనె చుక్క
కలిపి కుండ నీరు గటగట త్రాగిన
మండుటెండలోన మంచు గురిసె

నిర్వాహకుడు:

అమ్మా, ఐసు అవసరం లేకుండా రంజన్ నీళ్లతో మంచు కురిపించారు. ‘గటగట’ దగ్గర గొంతులో నీళ్లు దిగే చప్పుడు వినబడింది. కానీ రెండో పాదంలో యతి తప్పింది. ‘పు’కు ‘తే’ కుదరదు. ‘పుదిన రెబ్బ రెండు పొందికగను’ అంటే యతి నిలుస్తుంది.

సభ్యురాలు, మిర్యాలగూడ:

యతి నిలిచింది కానీ తేనె పోయింది సార్. తేనె లేకపోతే అది ఉత్త ఉప్పు నిమ్మనీళ్లు. మా అత్తమ్మ తాగరు.

సభ్యుడు, దేవరకొండ:

తేనెను ఉంచి మొదటి మాట మారిస్తే?

తెంచి పుదిన రెబ్బ తేనె చుక్క

నిర్వాహకుడు:

ఇదే కావాలి. నా సవరణ యతి కోసం రుచిని తీసేసింది, మీది రెండింటినీ నిలబెట్టింది. పైగా ‘తెంచి’ అనగానే పెరట్లో కుండీ ముందు వంగిన మనిషి కనబడుతోంది. ‘కలిపి’ కూడా ఇప్పుడు తేనెకు సూటిగా అతుక్కుంది. నా సవరణ వెనక్కి తీసుకుంటున్నాను.

దీన్ని మూడుసార్లు చేశాను. తేనె చన్నీళ్లలో తొందరగా కరగదు, గ్లాసు అడుగున ముద్దగా కూర్చుంటుంది. ముందు నిమ్మరసంలో కలిపి, తర్వాత నీళ్లు పోయాలి. పద్యంలో మీరు పెట్టిన వరుస కూడా అదే.

సభ్యుడు, దేవరకొండ:

నేను కొత్తగా రాస్తున్నాను. ‘బత్తాయి గంప నుండి తీసి’ అని ఎత్తుకున్నాను, ఎన్నిసార్లు లెక్కపెట్టినా గణాలు కుదరక టెన్షన్ పడుతున్నాను.

నిర్వాహకుడు:

టెన్షన్ ఎందుకు తమ్మీ, పైన తెంచి ఇచ్చిన చేయి నీదేగా! ‘బత్తాయి’ తగణం, అంటే రెండు గురువులు, ఒక లఘువు. ఆటవెలదిలో ప్రతి పాదమూ సూర్యగణంతో మొదలవ్వాలి. అంటే గలమో (గురువు, లఘువు) నగణమో (మూడు లఘువులు) ముందుండాలి. గంపను ముందుకు తీసుకురా:

గంప నుండి తీసి గట్టి బత్తాయిని

మిగతా పాదాలు నువ్వే రాసి పంపు.

సభ్యుడు, పాలమూరు:

రమ్ము చుట్టమనుచు రవ్వంత పోసితి
నిమ్మ పుదిన సోడ నిండఁ గలిపి
క్యూబ దీవి మోజు గుండెకుఁ జల్లనై
మండుటెండలోన మంచు గురిసె

వివరణ: క్యూబాలో పుట్టిన మోజిటో ఇది. తెల్ల రమ్ము 45 మిల్లీలీటర్లు, నిమ్మరసం 20, రెండు చెంచాల చక్కెర, ఆరు పుదీనా రెబ్బలు. చక్కెర, పుదీనా, రసం గ్లాసులో వేసి మెల్లగా అదమాలి, రుబ్బకూడదు. తర్వాత రమ్ము, ఐసు. సోడా చివర.

నిర్వాహకుడు:

ఈ పక్షం పూరణల్లో శ్లేష ఉన్నది ఇదొక్కటే. చుట్టాన్ని ‘రమ్ము’ అని పిలుస్తూనే రమ్ము పోశారు. ‘మోజు’లో మోజిటో సగం దాగి ఉంది. పాదాలన్నీ నిక్కచ్చిగా ఉన్నాయి.

మా ఇంట్లో మద్యం ఉండదు కాబట్టి రమ్ము లేకుండా చేశాను. పద్యంలో చుట్టాన్ని పిలిచే రమ్ము మిగిలింది, అర్థం ఎక్కడా విరగలేదు. మీరు రాసిన ‘రుబ్బకూడదు’ అన్న మాట బంగారం. మొదటిసారి పప్పుగుత్తితో గట్టిగా మెదిపాను. ఆకు నల్లబడి పసరు దిగింది, పచ్చిగడ్డి నమిలినట్టు ఉంది. రెండోసారి రెబ్బను రెండు అరచేతుల మధ్య ఒక్కసారి చప్పట్లు కొట్టినట్టు చరిచి వేశాను. గదంతా పుదీనా వాసన. ఆ సువాసన నూనె ఆకు పైపొరలోనే ఉంటుంది, తట్టి లేపితే చాలు.

సభ్యురాలు, నల్లగొండ:

పోయిన ఆదివారం నాకు జరిగిన పొరపాటే నా పద్యం. చుట్టాలు మధ్యాహ్నం వస్తారని పొద్దున్నే బత్తాయి రసం తీసి ఫ్రిజ్‌లో పెట్టాను. గింజలతో సహా మిక్సీలో వేశాను. వాళ్లు ఒక్క గుక్క తాగి గ్లాసులు కింద పెట్టారు.

ముందె తీసియుంచ ముక్కు విరుచుకొంద్రు
చేదు పుట్టు, గింజ చితికెనేని
యపుడె పిండి యిచ్చు నమ్మ చేతులలోన
మండుటెండలోన మంచు గురిసె

నిర్వాహకుడు:

అక్కా, మూడో పాదంలో యతి చూసి ఎవరైనా తడబడవచ్చు కాబట్టి చెబుతున్నాను. ‘యపుడె’లో అకారం, ‘నమ్మ’లో ‘అమ్మ’ అకారం. ఇచ్చు మీద నుగాగమం వచ్చి ‘నమ్మ’ అయింది, యతి సరిగ్గా ఉంది.

మీరు చెప్పిన చేదుకు కారణం ఉంది. బత్తాయి రసాన్ని నిలవ పెడితే లిమోనిన్ అనే పదార్థం మెల్లగా ఏర్పడుతుంది. పండు ఒలిచి తింటే తగలని చేదు రసంలో తేలేది అందుకే. గింజల్లో లిమోనిన్ మరీ ఎక్కువ. నిన్న రెండు గ్లాసులు పిండాను. ఒకటి అప్పుడే తాగాను, ఇంకోటి మూడు గంటలు ఆగి. రెండోదాన్ని పూర్తిచేయలేకపోయాను.

ఈ పక్షం ఉత్తమ పూరణ మీదే. పాలమూరు వారి శ్లేష గొప్పదే, అయినా మీ పద్యంలో మంచు ఐసు నుంచి రాలేదు, సోడా నుంచి రాలేదు. అప్పటికప్పుడు పిండి ఇచ్చిన చేతుల నుంచి కురిసింది. మా అమ్మ ఇత్తడి గ్లాసును కొంగుతో తుడిచి ఇచ్చేది. మీ పద్యం చదువుతుంటే ఆ కొంగు తడి చేతికి తగిలింది.

వచ్చే పక్షానికి సమస్య, మళ్లీ ఆటవెలదే. ఆవకాయ, వడియాలు పెట్టేవాళ్లు ముందు రాయండి:

రోలు పగులు నెండ రుచులఁ బెంచె