నాలుగు ఎకరాల గతుకుల లాన్: సస్పెన్షన్ ఉన్న జీరో టర్న్‌కి డబ్బు పెట్టాలా, నేల చదును చేయించాలా?

సెలీనా_కొత్తకాపు

అందరికీ నమస్కారం. డాలస్‌కి ఉత్తరాన సెలీనా దగ్గర నాలుగు ఎకరాల స్థలంతో ఇల్లు కొన్నాం. ఇంటి చుట్టూ ఎకరం దాకా బెర్ముడా గడ్డి. వెనక మూడు ఎకరాలు పాత యజమాని పశువులను మేపిన పచ్చిక. చివర్లో చిన్న కుంట, దాని గట్టు కాస్త వాలుగా ఉంటుంది. నేలంతా గతుకులు, చీమల పుట్టలు. ఇప్పటిదాకా మనిషిని పెట్టి కోయిస్తున్నాం. ఈ సీజన్ నుంచి నేనే కోసుకుందామనుకుంటున్నాను.

షాపులో రెండు జీరో టర్న్‌లు (కూర్చుని నడిపే, ఉన్నచోటే తిరిగే గడ్డికోత బండ్లు) చూపించారు. ఒకటి 54 అంగుళాల డెక్ (బండి కింద బ్లేడులు తిరిగే రేకు పెట్టె), 24 హెచ్‌పీ ఇంజిన్, ఇళ్లలో వాడే రకం, 4,500 డాలర్ల లోపు. రెండోది స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు ఉన్న ఫెర్రిస్, 52 అంగుళాలు, ధర దాదాపు రెట్టింపు. "ఆ తేడా డబ్బుతో నేల చదును చేయిస్తే మొదటిదే హాయిగా నడుస్తుంది కదా" అని మా ఆవిడ అంటోంది. నాకు నడుము నొప్పి ఉంది. మీరైతే ఏం చేస్తారు?

నల్లరేగడి

ఆవిడ మాట వేరే నేలకైతే సరిపోయేది. మీరున్నది బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ. ఎర్రనది (రెడ్ రివర్) నుంచి శాన్ ఆంటోనియో దాకా పరుచుకున్న నల్లమట్టి అది. మన గుంటూరు, పల్నాడు రేగడి, ఇక్కడి నల్లమట్టి రెండూ మట్టి శాస్త్రంలో వెర్టిసాల్ అనే ఒకే తరగతి కిందికి వస్తాయి. వానకి ఉబ్బుతుంది, ఆగస్టు ఎండకి కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది. ఫౌండేషన్ కదలకుండా ఇంటి చుట్టూ నీరు ఊరే సోకర్ పైపులు వేసి నీళ్లు పెట్టేది అందుకే. ఇల్లునే కదిలించే మట్టి, మీరు చదును చేసిన లాన్‌ని అలాగే ఉండనిస్తుందా?

పాత ప్రెయిరీ నేలల్లో మిట్ట, పల్లం వరసగా వాటంతట అవే ఏర్పడతాయి. గిల్గాయ్ అంటారు. ఇక్కడి పాతకాలం రైతులు హాగ్ వాలో అనేవాళ్లు. ఈ ఏడాది బాక్స్ బ్లేడ్‌తో (నేల చదును చేయడానికి ట్రాక్టర్‌కి తగిలించే పరికరం) సాపు చేయిస్తే ఒకటి రెండు ఎండాకాలాల తర్వాత గతుకులు మళ్లీ తేలతాయి. మెషీన్ మీద పెట్టిన డబ్బు మెషీన్ ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది. ఈ మట్టిలో చదునుకి పెట్టిన డబ్బుకి ఆ భరోసా లేదు.

ఇక సస్పెన్షన్ అని రాసి ఉన్నవన్నీ ఒకటి కావు. షాపులో ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పరు కాబట్టి చెప్తున్నాను. మొదటి రకంలో సీటు కింద మాత్రమే స్ప్రింగు. కుదుపు మీకు తగ్గుతుంది, ఫ్రేముకీ డెక్‌కీ తగ్గదు. రెండో రకంలో కూర్చునే ప్లాట్‌ఫామ్ మొత్తం షాకుల మీద ఉంటుంది. టోరో మైరైడ్ ఇలాంటిదే. కాళ్లకీ నడుముకీ చాలా సుఖం, కానీ చక్రాలు ఫ్రేముకి గట్టిగా బిగించే ఉంటాయి. మూడో రకంలో చక్రాలే కదులుతాయి. ఫెర్రిస్ పేరు వచ్చింది దీనితోనే. డెక్‌ని కూడా ఆ సస్పెన్షన్‌తో కలిపి వేలాడదీస్తారు కాబట్టి చక్రం మిట్ట ఎక్కినప్పుడు డెక్ కూడా లేస్తుంది, గడ్డి వేళ్లదాకా గీక్కుపోవడం తగ్గుతుంది. మీ నేలకి కావలసింది ఈ మూడోది.

కమ్మింగ్_ఎర్రమట్టి

నల్లరేగడి గారూ, గిల్గాయ్ గురించి మీరు చెప్పింది నిజం. కానీ ఆయన చెప్పిన గతుకులన్నీ గిల్గాయ్ కాదు. పశువుల కాళ్ల గుంటలు, బండి చక్రాల గాడులు, చీమల పుట్టలు, వీటిలో ఏదీ మట్టి తనంతట తాను చేసింది కాదు. వీటిని సరిచేస్తే తిరిగి రావు. చీమలు వస్తాయి, వాటికి మందు ఉంది.

టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్లు ఫైర్ యాంట్స్‌కి రెండు అంచెల పద్ధతి చెప్తారు. ముందు నేలంతా ఎర మందు చల్లాలి. తర్వాత ఇబ్బంది పెట్టే పుట్టలకి విడిగా మందు వేయాలి. ఎర అందుకున్న చీమలు దాన్ని రాణి దాకా తీసుకెళ్తాయి. వారాలు పడుతుంది, ఓపిక పట్టాలి. పుట్ట చచ్చాక మట్టిని పారతో చెదరగొట్టండి. ఎండకి గట్టిపడిన పుట్టని బ్లేడుతో కొడితే పదును ఒక్క రోజులో పోతుంది, బ్లేడు తిరిగే ఇరుసు (స్పిండిల్) బేరింగుల మీదా దెబ్బ పడుతుంది. ఏ సస్పెన్షనూ దాన్ని ఆపలేదు.

గుంటల్లో మట్టి పలచటి పొరలుగా నింపండి. గడ్డి కొనలు పైకి కనపడేంత మటుకే వేసి, అది పెరిగి కప్పుకున్నాక ఇంకో పొర. ఇంటి చుట్టూ ఎకరానికి ఇది చేస్తే మామూలు మెషీన్ నెమ్మదిగా నడుపుకుంటూ పోవచ్చు. నాలుగు వేల డాలర్లు ఆదా చేసే మార్గం ఉన్నప్పుడు ఆయన చేత అంత ఖర్చు ఎందుకు పెట్టించాలి?

పానా_పట్టినవాడు

చిన్న ఇంజిన్లు బాగుచేసే షాపులో పని చేస్తాను. ఇద్దరూ మెషీన్ లోపల ఏముందో వదిలేశారు.

జీరో టర్న్‌లో వెనక చక్రాలు రెండింటికీ విడివిడిగా హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ఒత్తిడితో చక్రానికి చేర్చేది) ఉంటుంది. ఒకటి ముందుకి, ఇంకొకటి వెనక్కి తిప్పితే బండి ఉన్నచోటే తిరుగుతుంది. గతుకుల నేలలో, బరువుతో, ఎండలో అన్నిటికంటే ఎక్కువ కష్టపడేది ఇదే. తక్కువ ధర వాటిలో హైడ్రో-గేర్ ఈజెడ్‌టీ రకం పెడతారు. చదును లాన్‌కి చక్కగా పని చేస్తుంది, కానీ బయట ఫిల్టర్ ఉండదు. జెడ్‌టీ-3100, ఆ పై రకాల్లో ఫిల్టర్, ఆయిల్ మార్చుకునే వీలుంటుంది. నాలుగు ఎకరాలు, ఇలాంటి నేల అంటే ఆ స్థాయి కింద కొనకండి. 24 హెచ్‌పీ అనే స్టిక్కర్ చూసి మోసపోవద్దు. ఇంజిన్‌లో సత్తువ ఉన్నా దాన్ని చక్రానికి చేర్చేది ట్రాన్స్‌మిషనే.

తర్వాత డెక్. ఒకే రేకుని అచ్చుకొట్టి చేసినవి ఒక రకం, మందపాటి ప్లేట్లు వెల్డింగ్ చేసినవి ఇంకో రకం. 10 గేజ్ అంటే దాదాపు మూడున్నర మిల్లీమీటర్లు, 7 గేజ్ అంటే నాలుగున్నర. గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది, చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. దాగి ఉన్న రాయో మొద్దో తగిలే నేలకి వెల్డింగ్ డెక్కే మంచిది.

వెడల్పు గురించి ఒక్కమాట. 60 అంగుళాలు కొనండని ఎవరైనా అంటే వినొద్దు. డెక్ ఎంత వెడల్పుంటే మిట్ట మీద మధ్యలో అంత గీక్కుపోతుంది. 48 నుంచి 54 మధ్యలో ఉండండి.

నల్లరేగడి

పానా గారు చెప్పినదానికి పూర్తిగా ఒప్పుకుంటాను. ఎర్రమట్టి గారి "నెమ్మదిగా నడుపుకోవచ్చు" అన్న మాట దగ్గరే నా అభ్యంతరం. లెక్క చూడండి. మైళ్ల వేగాన్ని డెక్ అంగుళాలతో గుణించి 99తో భాగిస్తే గంటకి ఎన్ని ఎకరాలో వస్తుంది. మలుపులకి, ఒక వరస మీదికి ఇంకో వరస ఎక్కించడానికి అందులో ఐదోవంతు తీసేయాలి. 54 అంగుళాలతో గంటకి 4 మైళ్లు నడిపితే గంటకి 1.75 ఎకరాలు. నాలుగు ఎకరాలకి రెండుంపావు గంటలు దాటుతుంది. 52 అంగుళాల సస్పెన్షన్ మెషీన్‌తో 6 మైళ్లు నడపగలిగితే గంటన్నర పైన కొద్దిగా. ఒక్కో కోతకి 40 నిమిషాల తేడా. ఇక్కడ బెర్ముడా ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా పెరుగుతూనే ఉంటుంది, వారం వారం కోయాలి. నడుము నొప్పి ఉన్న మనిషికి ఆ 40 నిమిషాల కుదుపు ఖర్చు కాదా?

కమ్మింగ్_ఎర్రమట్టి

మీ లెక్క నాలుగు ఎకరాలనీ లాన్ అనుకుని వేసింది. వెనక మూడు ఎకరాలు పచ్చిక. దాన్ని వారం వారం కోయమని ఎవరు చెప్పారు?

ట్రాక్టర్_పక్షం

ఇప్పుడు అసలు విషయానికి వచ్చారు.

పచ్చిక గడ్డి మోకాలు దాకా పెరిగితే ఏ జీరో టర్నూ దానికి తగిన మెషీన్ కాదు. డెక్ కింద గడ్డి కుక్కుకుపోతుంది, బెల్టు కాలుతుంది. దానికి ట్రాక్టర్ వెనక తగిలించే రోటరీ కట్టర్ ఉంది. ఇక్కడ అందరూ బుష్ హాగ్ అనే పిలుస్తారు. పాతిక హెచ్‌పీ లోపు చిన్న ట్రాక్టర్, 540 ఆర్‌పీఎం పీటీవో (ఇంజిన్ శక్తిని వెనక తగిలించిన పరికరానికి అందించే షాఫ్టు), నాలుగడుగుల కట్టర్, ఏడాదికి మూడు నాలుగుసార్లు తిప్పితే చాలు. అదే ట్రాక్టర్‌కి బాక్స్ బ్లేడ్ తగిలిస్తే నేల చదును, ముందు లోడర్ పెడితే మట్టి మోత.

ఖరీదు ఎక్కువే, కాదనను. కొత్తది పదిహేను వేల డాలర్ల పైమాటే. అందుకే పాతది వెతకమంటాను.

దానికంటే ముందు ఇంకో పని చేయండి తమ్ముడూ. ఆ మూడు ఎకరాలకి పాత యజమాని పేరు మీద ఆగ్ వాల్యుయేషన్ (పన్ను కోసం నేలని వ్యవసాయ భూమిగా విలువ కట్టడం) ఉందేమో కౌంటీ అప్రైజల్ ఆఫీసులో కనుక్కోండి. ఉంటే పన్ను చాలా తక్కువ పడుతుంది. మీరు దాన్ని లాన్‌గా మారిస్తే నేల వాడకం మారిందని గత 3 ఏళ్ల పన్ను తేడా కట్టమంటారు, రోల్‌బ్యాక్ అంటారు దాన్ని. చాలా చోట్ల ఇంటి కింద ఎకరం తీసేసి మిగతాదానికే ఇస్తారు, కనీసం ఎన్ని ఎకరాలుండాలో కౌంటీని బట్టి మారుతుంది. మీకు కుదిరితే పక్క రాంచ్ వాళ్లని ఎండుగడ్డి కోసుకోమనండి. మీకు కోత తప్పుతుంది, వాళ్లకి గడ్డి దొరుకుతుంది. కొత్తగా స్థలాలు కొన్న మనవాళ్లు చాలామంది పచ్చికని పార్కులా చేసేసి ఆ తర్వాత వచ్చిన నోటీసు చూసి కంగారు పడ్డారు. మెషీన్ గురించి ఎంత మాట్లాడినా ముందు ఈ ఆఫీసుకి వెళ్లి రావాలి.

ఏలూరు_ఆడపడుచు

కుంట గట్టు గురించి ఒక్కరూ మాట్లాడలేదు, నాకు టెన్షన్‌గా ఉంది. మా ఇంట్లో కోసేది నేనే కాబట్టి రాస్తున్నాను.

జీరో టర్న్‌లో ముందు చక్రాలు ఊరికే తిరిగే క్యాస్టర్లు. బండిని తిప్పేదీ ఆపేదీ వెనక చక్రాలే. వాలు మీద, ముఖ్యంగా తడిగడ్డి మీద, వెనక చక్రం పట్టు తప్పిందంటే మీరు లివర్లు ఎటు లాగినా బండి కిందికే జారుతుంది. కింద నీళ్లుంటే బండి బోల్తాపడి మనిషి కింద చిక్కుకుంటాడు. చాలా మాన్యువల్స్ 15 డిగ్రీలు దాటిన వాలు మీద నడపొద్దంటాయి, కొన్ని 10 డిగ్రీలే అంటాయి. ఫోన్‌లో లెవెల్ యాప్ ఉంటుంది, ఒక చెక్క మీద పెట్టి గట్టు కొలవండి. నీటి అంచు నుంచి మెషీన్ వెడల్పుకి కనీసం రెండింతల దూరం వదిలేయండి. ఆ పట్టీని చేత్తో పట్టే ట్రిమ్మర్‌తో కోయండి.

రోల్ బార్ (బండి బోల్తాపడితే మనిషిని కాపాడే కమ్మీ) ఉన్న మెషీన్ తీసుకోండి. బార్ పైకి ఉన్నప్పుడు సీటు బెల్టు తప్పకుండా పెట్టుకోవాలి. చెట్టు కింద దూరడానికి బార్ మడిచినప్పుడు బెల్టు పెట్టుకోకూడదు, చెట్టు దాటగానే మళ్లీ లేపాలి. వాలు ఎక్కువున్న చోటు తప్పదనుకుంటే కబ్ క్యాడెట్‌లో స్టీరింగ్ ఉన్న జీరో టర్న్ చూడండి, దానిలో ముందు చక్రాలు కూడా తిరుగుతాయి కాబట్టి వాలు మీద అదుపు మెరుగు. మెరుగే, హామీ కాదు. పిల్లలను ఎవరూ ఒళ్లో కూర్చోబెట్టుకోకండి. మనవాళ్ల ఫోటోల్లో ఇది చూసినప్పుడల్లా గుండె దడ.

సెలీనా_కొత్తకాపు

అందరికీ కృతజ్ఞతలు. గట్టు కొలిచాను అక్కా, ఒకచోట 17 డిగ్రీలు చూపించింది. అక్కడికి మెషీన్ వెళ్లదు. అప్రైజల్ ఆఫీసుకి ఫోన్ చేశాను, పచ్చికకి ఆగ్ వాల్యుయేషన్ ఉందట. దరఖాస్తు నా పేరు మీద మళ్లీ పెట్టుకోవాలట. కాబట్టి వెనక మూడు ఎకరాలు గడ్డికే వదిలేస్తాం. కోయాల్సింది ఇప్పుడు ఇంటి చుట్టూ ఎకరం, దారి పక్కన అర ఎకరం. ఇంత తగ్గాక కూడా సస్పెన్షన్ కావాలంటారా?

కమ్మింగ్_ఎర్రమట్టి

అక్కర్లేదు. ఎకరంన్నరకి గంట లోపు పని. గుంటలు నింపండి, చీమలకి మందు వేయండి, వెల్డింగ్ డెక్ ఉన్న 48 అంగుళాలది తీసుకోండి, మిగిలిన డబ్బు దాచుకోండి.

నల్లరేగడి

నేను ఇప్పటికీ ఒప్పుకోను. నేల విస్తీర్ణం తగ్గింది, మట్టి మారలేదు, ఆయన నడుమూ మారలేదు. కనీసం ప్లాట్‌ఫామ్ సస్పెన్షన్ అయినా ఉండాలి. ఫెర్రిసే కొనమని మాత్రం ఇక పట్టుబట్టను.

పానా_పట్టినవాడు

నా మాట వినండి. రెండిట్లో దేనికైనా డెమో మీ ఇంటికి తెమ్మని అడగండి. షాపు ముందు తారు మీద అన్నీ మెత్తగానే నడుస్తాయి. నేల బాగా ఎండిన రోజు, చీమల పుట్టలున్న వైపు అరగంట నడపండి. దిగాక నడుము ఎలా ఉందో చూసుకోండి, కోసిన వరసలో గీక్కుపోయిన మచ్చలు ఎన్ని ఉన్నాయో చూడండి. డెమో ఇవ్వనన్న షాపు రేపు రిపేర్‌కి బండి తీసుకెళ్లడానికీ రాదు. స్పేర్ పార్టులు, బ్లేడులు వాళ్ల దగ్గర స్టాకు ఉంటాయో లేదో కూడా అప్పుడే అడగండి.

దారి పక్కన మెస్కీట్ చెట్లు ఉన్నాయా? మన సర్కారు తుమ్మకి దగ్గరి జాతే అది, ముల్లు టైరులోకి సూటిగా దిగుతుంది. ఉంటే ముందు చక్రాలకి గాలి లేని టైర్లు, వెనక వాటిలో సీలెంట్ వేయించుకుని తీసుకోండి.

సెలీనా_కొత్తకాపు

ఉన్నాయి, అయిదారు చెట్లు. శనివారం రెండు మెషీన్లూ తెస్తామన్నారు. నడిపాక ఇక్కడే రాస్తాను.