రోజూ బాగా చేసే చెల్లి గ్రాండ్ టెస్ట్‌లో బిగుసుకుపోతోంది, ఏం చెయ్యాలి?

బెజవాడ అన్నయ్య:
మా చెల్లి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, రెసిడెన్షియల్ కాలేజీలో ఉంది. సబ్జెక్ట్ రాదు అనడానికి లేదండి, సెలవులకి ఇంటికొచ్చినప్పుడు ఇంటిగ్రేషన్ లెక్కలు ఇస్తే నేను పెన్ను తీసేలోపే చేసి చూపిస్తుంది. కానీ ర్యాంకులు బోర్డు మీద పెట్టే గ్రాండ్ టెస్ట్ అనేసరికి వేరే మనిషి అయిపోతుంది. మొదట్లోనే ఒక లెక్క రాలేదంటే ఇంక అక్కడే పాతుకుపోతుంది. మొన్న రఫ్ పేపర్ తెచ్చి చూపించింది, ఒకే స్టెప్ రాసి కొట్టేసి మళ్ళీ అదే స్టెప్ రాసి మళ్ళీ కొట్టేసి, పేజీ నిండా అదే. తేరుకునేసరికి ఫిజిక్స్ కెమిస్ట్రీకి టైం ఉండట్లేదు. మే నెలలో ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్. ధైర్యంగా రాయి అని చెప్పడం తప్ప నాకేం తెలియట్లేదు. ఇలాంటి పిల్లల్ని చూసినవాళ్ళు, లేదా టెన్షన్ మధ్య పని చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

గోదారి కుర్రాడు:
బ్రో ముందు ఇంట్లో ర్యాంకు మాట ఎత్తడం ఆపించండి. ఫోన్ చేసిన ప్రతిసారీ అమ్మ "టెస్ట్ ఎలా రాశావ్" అనే అడుగుతుంది కదా, "ఏం తిన్నావ్" అని అడిగితే చాలు.

సైకాలజీ మేడం:
డిగ్రీ పిల్లలకి ఇదే పాఠం చెప్తుంటాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నా. లెక్క చేసేటప్పుడు మధ్యలో వచ్చిన విలువ, తర్వాత వేయాల్సిన ఫార్ములా, ఇవన్నీ కాసేపు మనసులో పట్టి ఉంచాలి, దాన్నే వర్కింగ్ మెమరీ అంటాం, అందులో చోటు చాలా తక్కువ. "ర్యాంకు పోతే నాన్న ఏమంటారో" అన్న భయం కూడా వచ్చి ఆ చోట్లోనే కూర్చుంటుంది. అంటే చదివింది ఎక్కడికీ పోలేదు, లెక్క చెయ్యడానికి చోటు మిగల్లేదు అంతే. సియాన్ బైలాక్, థామస్ కార్ అనే సైకాలజీ పరిశోధకులు 2005లో చూపించింది ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది, ఆ చోటు ఎక్కువ ఉన్నవాళ్ళే, అంటే మామూలప్పుడు కష్టమైన లెక్కలు బాగా చేసేవాళ్ళే, ఒత్తిడి పెట్టగానే ఎక్కువ పడిపోయారు. కాబట్టి మీ చెల్లిని పిరికిది అనుకోకండి దయచేసి.

చెయ్యగలిగింది ఒకటుంది. రమిరెజ్ అనే పరిశోధకుడు, ఆ బైలాక్ కలిసి 2011లో "సైన్స్" అనే పత్రికలో రాశారు, పరీక్షంటే బాగా భయపడే పిల్లల్లో, పరీక్షకి ముందు పది నిమిషాలు తమ భయాలన్నీ కాగితం మీద రాసేసినవాళ్ళు, అలా రాయనివాళ్ళకంటే మెరుగ్గా చేశారు. ఈఏపీసెట్ రోజు సెంటర్ గేటు ఒక్క నిమిషం లేటైనా మూసేస్తారు కాబట్టి ఎలాగూ ముందే వెళ్తారు, బయట చెట్టు కింద కూర్చుని ఫార్ములాలు తిరగేసే బదులు ఇది రాయమనండి. కానీ మొదటిసారి ఆ రోజే వద్దు, ఇప్పటి వీక్లీ టెస్టులకే మొదలుపెట్టాలి.

ఐసీయూ సిస్టర్:
అన్నయ్య గారూ నేను నర్సుని. పేషెంటు గుండె ఆగిందంటే మాకు ఆలోచించుకునే టైం ఉండదు, కానీ ఆ టైంలో మావాళ్ళ చేతులు వణకవు, ఎందుకంటే ఎవరేం చెయ్యాలో ముందే తేలిపోయి ఉంటుంది. ఒకరు ఛాతీ మీద ఒత్తుతారు, నిమిషానికి 100 నుంచి 120, పైకి లెక్కపెడుతూ. రెండు నిమిషాలకి మనిషి మారాలి, ఒత్తేవాళ్ళకి ఓపిక ఉన్నా సరే మారాల్సిందే. ఒకరి చూపు గడియారం మీదే. మందు ఇచ్చినవాళ్ళు "ఇచ్చాను" అని గట్టిగా చెప్పాలి, రాసేవాళ్ళు అదే మాట తిరిగి పైకి చెప్పి రాసుకోవాలి. బొమ్మ మీద ఇదంతా చేయించేటప్పుడు మా సీనియర్లు కావాలని అరుస్తారు, ఫోన్లు మోగిస్తారు. ప్రశాంతంగా నేర్చుకున్నది ఆ గోలలో చేతికి రాదు అని వాళ్ళకి తెలుసు.

మీ చెల్లికి ధైర్యం కంటే ఇలాంటి రూలు కావాలి అనిపిస్తుంది నాకు. ఈఏపీసెట్‌లో 160 ప్రశ్నలకి 180 నిమిషాలు, అంటే ప్రశ్నకి నిమిషం పైన కొంచెం. రెండు నిమిషాలు దాటిందా, వచ్చేలా ఉన్నా సరే రివ్యూకి మార్క్ చేసి వదిలెయ్యాలి. వదలాలా వద్దా అన్న ఆలోచనే అప్పుడు రాకూడదు. ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు టీవీ పెట్టి, పక్కన నిలబడి, టైం పైకి చెప్తూ చేయించండి.

తిరుపతి తమ్ముడు:
సిస్టర్ చెప్పింది కరెక్ట్. నేను ఎంసెట్ రాసినప్పుడు స్క్రీన్ మీద మ్యాథ్స్ ముందు కనిపించినా కెమిస్ట్రీతో మొదలుపెట్టా, అవి చూడగానే తెలిసేవి తెలుస్తాయి, లేకపోతే లేదు. జవాబు పెట్టిన ప్రశ్న నంబరు స్క్రీన్ మీద ఆకుపచ్చగా మారుతుంది, చకచకా కొన్ని అలా అయ్యేసరికి ఊపిరి తిరిగింది. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి చివర్లో అన్నీ పెట్టెయ్యొచ్చు, ఆ మాట ముందే మనసులో ఉంటే వదిలెయ్యడం తేలిక. జేఈఈ మెయిన్‌లో మాత్రం నెగెటివ్ మార్కులు ఉంటాయి, అలా కుదరదు, రెండూ కలిపెయ్యొద్దు.

బెజవాడ అన్నయ్య:
అందరికీ చాలా థాంక్స్ అండి. సిస్టర్ గారి మాట ఫోన్‌లో చదివి వినిపించా. "మరి వచ్చేలా ఉన్న లెక్క ఎలా వదలను అన్నయ్యా" అంది, కష్టం అంతా అక్కడే ఉందని నాకిప్పుడు అర్థమైంది. మేడం గారూ, ఒక డౌటు: ఆ భయాలు రాసిన కాగితం మేము చదవాలా, చింపేయమనాలా?

సైకాలజీ మేడం:
మీరు చదవొద్దు. ఎవరో చదువుతారని తెలిస్తే మనసులో ఉన్నది రాయదు. ఉంచుకోవాలో చింపాలో తననే చూసుకోనివ్వండి.